మినీల్యాబ్ పెట్టె: కొనేముందు తెలియాల్సిన సంగతులు

మందుల నాణ్యత చూసే మినీల్యాబ్ కొనాలా వద్దా అని ఆలోచించే ఆసుపత్రి అయినా, మందుల డిపో అయినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ భయం దేని గురించి? మాత్రలో ఉండాల్సిన మందు లేకపోవడం గురించా, ఉండకూడనిది ఉండటం గురించా? మొదటిదానికి ఇంత చిన్న సరంజామాతో ఇంత బాగా పనిచేసేది ఇంకొకటి దొరకడం కష్టం. రెండోదానికి ఇది చాలావరకు గుడ్డిది. ఈ తేడా తెలియకుండా వాడేవాళ్ళు ‘మినీల్యాబ్‌లో పాసైంది’ అన్న మాటను ‘ఏ ప్రమాదమూ లేదు’ అనే అర్థంలో రాసేస్తుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మెర్క్ కంపెనీ అండతో నడిచే గ్లోబల్ ఫార్మా హెల్త్ ఫండ్ అనే జర్మన్ ధర్మసంస్థ 1990ల చివర్లో దీన్ని తయారుచేసింది. గాజు సామాను, పిపెట్లు, చిన్న తక్కెడ, హాట్ ప్లేటు, రెండు యూవీ (అతినీలలోహిత) దీపాలు (254, 366 నానోమీటర్లవి), సిలికా పూసిన అల్యూమినియం ప్లేట్లు, పోల్చి చూసుకోవడానికి నాణ్యత తేలిన మాత్రలు, వీటన్నిటితో పాటు ఒక్కో మందుకు ఒక్కో పద్ధతి రాసిన పుస్తకాలు. ఇదీ సరంజామా. మలేరియా, క్షయ, హెచ్ఐవీ మందులు, యాంటీబయాటిక్స్ మొదలుకొని నొప్పి మాత్రల దాకా పద్ధతులున్న మందుల సంఖ్య వంద దాటింది. పుస్తకాలు బాగా రాశారు. రసాయన శాస్త్రం చదవని ఫార్మసిస్ట్ కూడా వారం రోజుల శిక్షణతో చేతికి తెచ్చుకోవచ్చు.

పరీక్ష మూడు మెట్లు. మొదటిది కళ్ళతో చూడటం. దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ నకిలీల్లో చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. బయటి డబ్బా మీది బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ లోపలి స్ట్రిప్ మీదివాటితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. మాత్ర అంచులు విరిగి ఉండటం, రంగు మచ్చలు, స్ట్రిప్‌లో పొడి రాలి ఉండటం, లేబుల్ మీద అక్షరదోషాలు, ఇవన్నీ రాసుకోవాలి. తర్వాత 20 మాత్రలు ఒక్కొక్కటిగా తూచాలి. సగటు బరువు 250 మి.గ్రా. లేదా అంతకు మించిన మాత్రల్లో తేడా 5% దాటేవి రెండుకు మించకూడదు, ఏ ఒక్కటీ 10% దాటకూడదు. 80 నుంచి 250 మి.గ్రా. మధ్య ఉన్నవాటికి ఆ గీత 7.5%, 80 మి.గ్రా., ఆ లోపు వాటికి 10%. మీ తక్కెడ 0.01 గ్రాము వరకే చూపిస్తే చిన్న మాత్రల విషయంలో ఈ పని దండగ. 80 మి.గ్రా. మాత్రలో 10% అంటే 8 మి.గ్రా.; అది తక్కెడ చూపించగల అతి చిన్న అంకె కంటే తక్కువ. 0.001 గ్రాము చూపించే తక్కెడ విడిగా కొనుక్కోవడం మేలు.

రెండో మెట్టు మాత్ర విచ్చిపోతుందా లేదా అన్నది. 100 మి.లీ. వెడల్పు మూతి సీసాలో 37 డిగ్రీల నీళ్ళు పోసి, మాత్ర వేసి, అప్పుడప్పుడు కదుపుతూ 30 నిమిషాలు చూడాలి. ఇది మామూలు మాత్రలకే. కడుపులో కాకుండా పేగులో కరిగేలా పూత పూసినవాటికి, మందును నెమ్మదిగా వదిలేవాటికి ఈ లెక్క వర్తించదు. అసలు సంగతేమిటంటే, విచ్చుకోవడం వేరు, కరగడం వేరు. మాత్ర పిండిలా రాలిపోయినా అందులోని మందు పలుకులు ముతకగా ఉంటే రక్తంలోకి చేరవు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్‌నే చూడండి. ఆ మాత్రలు చెమ్మ తగిలితే గట్టిపడి, మందు సరిగా కరగక, ఉండాల్సిన పరిమాణం అంతా లోపలే ఉన్నా రోగికి ఫిట్స్ తిరగబెట్టవచ్చు. కరగడాన్ని కొలిచే యంత్రం ఈ పెట్టెలో లేదు. దానికి పెద్ద ల్యాబ్ కావాల్సిందే.

మూడోది టీఎల్‌సీ, అంటే పలుచని పొర క్రొమటోగ్రఫీ. ద్రావకం సిలికా ప్లేటు మీద పైకి ఎక్కుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తులో వదిలే పద్ధతి ఇది. పెట్టె విలువంతా ఇందులోనే ఉంది, తప్పులు జరిగేదీ ఎక్కువగా ఇందులోనే. మాత్రను అల్యూమినియం రేకులో చుట్టి రోకలితో మెత్తగా నలగ్గొట్టాలి. రేకుకు అంటుకున్న పొడిని కూడా ద్రావకంతో కడిగి సీసాలోకే పోయాలి. ఆ రేకులో మిగిలిపోయిన మందు చివర్లో ‘మందు తక్కువ’ అన్న తప్పుడు ఫలితంగా కనబడుతుంది. పుస్తకంలో చెప్పినంత ద్రావకం పిపెట్‌తో కొలిచి పోసి, సుమారు 3 నిమిషాలు బాగా కుదిపి, 5 నిమిషాలు కదపకుండా ఉంచితే కరగని పిండి అడుక్కి చేరుతుంది. పైతేటను తీసుకుని చెప్పినంత పలుచన చేయాలి. మాత్రను తూచి పొడి తీసే పని లేకుండా మొత్తం మాత్రకు సరిపడేలా ద్రావకం లెక్క కట్టడం ఈ పద్ధతిలో తెలివైన పని. అందుకే పిపెట్‌లో ద్రావకం మట్టాన్ని కంటికి సమానమైన ఎత్తులో చూడకపోతే ఆ తప్పును సరిదిద్దే అవకాశం మరెక్కడా ఉండదు.

ప్లేటు అడుగు నుంచి 1.5 సెం.మీ. ఎత్తులో పెన్సిల్‌తో గీత గీసి, క్యాపిలరీతో (సన్నని గాజు గొట్టంతో) 2 మైక్రోలీటర్ల చొప్పున చుక్కలు పెట్టాలి. ఒక చివర 100% ప్రమాణ ద్రావణం (నాణ్యత తేలిన మాత్రతో చేసింది), మరో చివర 80% ప్రమాణ ద్రావణం, మధ్యలో మన నమూనాలు. చుక్కలు పెట్టాక, జాడీలో దించకముందే, ఒకసారి యూవీ దీపం కింద చూడండి. చుక్కల ముదురుదనంలో తేడా ఉండొచ్చు గానీ వాటి వెడల్పులో ఉండకూడదు. వెడల్పు తేడాగా ఉందంటే క్యాపిలరీ పూర్తిగా ఖాళీ కాలేదనో, రెండుసార్లు తగిలిందనో అర్థం. ఆ ప్లేటును పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టాలి. ఈ ఒక్క నిమిషం ఆదా చేయబోయి తర్వాత గంట పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

జాడీలో వడపోత కాగితం పెట్టి, ద్రావకాల మిశ్రమం పోసి, మూత వేసి 15 నిమిషాలు ఆగాలి. లోపల ఆవిరి నిండకుండా ప్లేటు దించితే ద్రావకం అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా ఎక్కుతుంది. ప్లేటు ఎత్తులో మూడు వంతుల దాకా ద్రావకం ఎక్కాక బయటికి తీసి, అది ఎంతవరకు ఎక్కిందో గీత పెట్టి, ఆరబెట్టి 254 నానోమీటర్ల దీపం కింద చూడాలి. ప్లేటంతా ఆకుపచ్చగా మెరుస్తుంటే మందు ఉన్నచోట నల్లని మచ్చ కనబడుతుంది. మచ్చ ప్రమాణం ఉన్న ఎత్తులోనే ఉందా అన్నది అది ఏ మందో చెబుతుంది. ముదురుదనం, పరిమాణం 100%కీ 80%కీ మధ్య ఎక్కడ నిలుస్తాయన్నది ఎంత మందు ఉందో చెబుతుంది.

వేడి ఎక్కువగా ఉన్న గదుల్లో ఈ మచ్చల ఎత్తు రోజుకో రకంగా మారుతుంది. అమ్మోనియా, అసిటోన్ ఇట్టే ఆవిరైపోతాయి కాబట్టి పొద్దున కలిపిన మిశ్రమం మధ్యాహ్నానికి అదే మిశ్రమం కాదు. చెమ్మ పీల్చిన సిలికా మీద మచ్చలు మామూలు కంటే పైకి పోతాయి. ప్లేట్లను వాడే ముందు 110 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ఏది ఎలా ఉన్నా ప్రమాణం లేకుండా నమూనా ఒక్కటే రన్ చేసి, పుస్తకంలోని బొమ్మతో పోల్చి తీర్పు చెప్పడం మాత్రం పనికిరాదు.

ఇప్పుడు ఆ 80% గీత సంగతి. నమూనా మచ్చ 80% ప్రమాణం కంటే లేతగా ఉంటేనే ఫెయిల్. చాలా మందులకు ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ఒప్పుకునేది 90 నుంచి 110%, కొన్నిటికి ఇంకా ఇరుకైన హద్దులు. 85% మందు ఉన్న మాత్ర పెద్ద ల్యాబ్‌లో ఫెయిలవుతుంది, మినీల్యాబ్‌లో హాయిగా గట్టెక్కుతుంది. పైవైపు హద్దు ఇంకా బలహీనం. మచ్చ ఒక స్థాయి దాటి ముదిరాక 110%కీ 130%కీ తేడా కంటికి ఆనదు. కాబట్టి ఇది పట్టేది అసలు మందు లేనివాటిని, సగమే ఉన్నవాటిని, వేరే మందు పెట్టినవాటిని. కొంచెం తక్కువగా ఉండి నెమ్మదిగా చెడు చేసేవి, ముఖ్యంగా మందుకు లొంగని క్రిములను పెంచే యాంటీబయాటిక్స్, దీని జల్లెడలోంచి జారిపోతాయి.

వేరే మందు పెట్టినవాటిని పట్టడంలో మాత్రం దీనికి నూటికి నూరు మార్కులు వేయొచ్చు. 2014-15లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో వందల మంది, వారిలో చాలామంది పిల్లలు, ముఖం, మెడ కండరాలు బిగుసుకుపోయి ఆసుపత్రులకు వచ్చారు. మొదట మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుకున్నారు. చివరికి తేలిందేమిటంటే వాళ్ళకు డయాజిపామ్ (ఆందోళన తగ్గించే మందు) అని ఇచ్చిన మాత్రల్లో ఉన్నది మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్. ఇలాంటి కేసులో అసలు డయాజిపామ్‌ను పక్కనే రన్ చేస్తే మచ్చ వేరే ఎత్తులో ఆగుతుంది. ఒక ప్లేటు, ఒక గంట. సందేహం పుట్టిన రోజునే ఆ డబ్బాను అలమారలోంచి తీసేయొచ్చు.

కలుషితమైన మందుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2012లో లాహోర్‌లో గుండె రోగులకు ఇచ్చిన ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్రల్లో మలేరియాకు వాడే పైరిమెథమిన్ కలిసిపోయింది, ఒక్కో మాత్రలో దాదాపు 50 మి.గ్రా. మలేరియా రాకుండా వారానికి 25 మి.గ్రా. ఇచ్చే మందు అది. ఎముక మజ్జ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయి 200 మందికి పైగా చనిపోయారు. విచిత్రమేమిటంటే, ఐసోసార్బైడ్ 254 నానోమీటర్ల కాంతిని పెద్దగా పీల్చుకోదు. ఆ దీపం కింద ఆ మాత్ర చుక్క దాదాపు ఖాళీగా కనబడాలి. పైరిమెథమిన్ మాత్రం కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఖాళీగా ఉండాల్సిన చోట నల్లమచ్చ కనిపిస్తే అక్కడే అనుమానం రావాలి. అంటే మిల్లీగ్రాముల్లో కలిసిన, కాంతిని పీల్చే కల్తీని ఈ పెట్టె చూపించగలదు, చూసేవాడు అసలు మచ్చను మాత్రమే కాకుండా ప్లేటంతా చూస్తే. ప్రమాణంలో లేని అదనపు మచ్చ నమూనాలో ఉంటే, అది ఎంత లేతదైనా, రాసి తీరాలి.

రెండోది పిల్లల సిరప్‌లు. పారాసిటమాల్ నీళ్ళలో సరిగా కరగదు. అందుకని సిరప్‌లో ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటివి కలుపుతారు. వీటి స్థానంలో పరిశ్రమల్లో వాడే సరుకు వచ్చినా, పీపా మీద లేబుల్ మార్చి అమ్మినా డైఇథైలీన్ గ్లైకాల్, ఇథైలీన్ గ్లైకాల్ సీసాలోకి చేరతాయి. రెండూ రంగు లేనివే, తియ్యగా ఉండేవే, చిక్కగా జారేవే. కాలేయంలో డైఇథైలీన్ గ్లైకాల్ ఆక్సీకరణ చెంది డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల నాళికల కణాలను చంపుతుంది. బిడ్డకు మూత్రం ఆగిపోయేదాకా సిరప్ మీద ఎవరికీ అనుమానం రాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ ద్రవ మందుతో 100 మందికి పైగా పోయారు. 2006లో పనామాలో, 2022లో గాంబియాలో, ఇండోనేషియాలో, ఉజ్బెకిస్తాన్‌లో మళ్ళీ అదే జరిగింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు సిరప్‌లో డైఇథైలీన్ గ్లైకాల్ 48.6% ఉందని తేలింది. ముడిసరుకులో ఒప్పుకునే హద్దు 0.10%.

ఇప్పుడు ఆ సిరప్‌ను మినీల్యాబ్‌లో పారాసిటమాల్ పద్ధతి ప్రకారం రన్ చేశారనుకోండి. పారాసిటమాల్ సరిపడా ఉంటే మచ్చ సరైన ఎత్తులో, సరైన ముదురులో వస్తుంది. గ్లైకాల్‌లు యూవీ కాంతిని పీల్చుకోవు కాబట్టి ప్లేటు మీద వాటి జాడే ఉండదు. ఫలితం: పాస్. సగం సీసా విషమైనా సరే. మందును వెతికే పరీక్ష అది. విషాన్ని చూపించలేదని దాన్ని తప్పుపట్టలేం. పాసైన కాగితం చూసి సిరప్‌ను వార్డుకు పంపినవాళ్ళదే తప్పు.

గ్లైకాల్‌లకు వేరే టీఎల్‌సీ పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ద్రవ మందుల కోసం ముందు టీఎల్‌సీతో వడపోసి, తర్వాత గ్యాస్ క్రొమటోగ్రఫీతో (ఆవిరిగా మార్చి వేరుచేసి కొలిచే యంత్రంతో) ఖాయం చేసుకునే దారే చూపించింది. సిరప్‌లు నిల్వచేసే ఏ డిపో అయినా ఈ పెట్టె కొంటే ఆ పద్ధతిని, దానికి కావాల్సిన ప్రమాణాలను కూడా తెప్పించుకోవాలి. లేకపోతే పిల్లల మందుల మట్టుకు పెట్టె కొన్నా కొననట్టే. ఈ పద్ధతిలో మచ్చలను యూవీతో కాకుండా పొటాషియం పర్మాంగనేట్‌తో చూస్తారు. గులాబి రంగు ప్లేటు మీద గ్లైకాల్ ఉన్నచోట పసుపు, గోధుమ రంగు మచ్చ తేలుతుంది. చిక్కేమిటంటే ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కూడా అలాగే రంగు మారుస్తాయి. కాబట్టి విషమా, ఉండాల్సిన ద్రావకమా అని తేల్చేది మచ్చ ఎత్తు ఒక్కటే. ఒకే ప్లేటు మీద నాలుగిటి ప్రమాణాలూ ఉండాలి. చిక్కటి సిరప్ క్యాపిలరీలోకి సరిగా ఎక్కదు, ఎక్కినా పూర్తిగా దిగదు. ముందు పలుచన చేయాలి. పంచదార, సార్బిటాల్ గీత దగ్గరే ఉండిపోయి తోకలా సాగుతుంటాయి, ఆ తోక మీద లేత మచ్చ కనబడకుండా పోతుంది. దీనికి మంచి విరుగుడు ఒకటుంది. బాగుందని తెలిసిన సిరప్‌లో తెలిసినంత డైఇథైలీన్ గ్లైకాల్ కలిపి, అదీ పక్కనే రన్ చేయాలి. కలిపింది కనబడకపోతే ఆ రోజు ‘ఏమీ కనబడలేదు’ అన్న ఫలితానికి విలువ లేదు. అలా కలిపిన సీసా మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి పరీక్ష అవగానే వేరుచేయాలన్నది చెప్పనక్కర్లేదు గానీ, చెప్పడమే మంచిది.

కొన్నిటి విషయంలో ఏ పద్ధతి తెచ్చుకున్నా లాభం లేదు. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో బయటపడ్డ ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినానికి రోజువారీ హద్దు 96 నానోగ్రాములు. దాన్ని చూడాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. 2008లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌లో కలిపిన అధిక సల్ఫేట్ కాండ్రాయిటిన్ మామూలు పరీక్షలనే మోసం చేసింది. ఇంజెక్షన్లలో, కంటి చుక్కల్లో సూక్ష్మక్రిములు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఈ పెట్టెలో ఏ సాధనమూ లేదు. 2012లో అమెరికాలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లలోకి చేరిన బూజు వల్ల 60 మందికి పైగా చనిపోయారు. ఆ సీసాల్లోని స్టెరాయిడ్‌ను టీఎల్‌సీలో చూసినా బూజు సంగతి తెలిసేది కాదు. ప్రసవంలో వాడే ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఆంపూల్‌లో ఉండే మందు సుమారు 17 మైక్రోగ్రాములే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచకపోతే చెడుతుంది, అది చెడిందో లేదో ఈ పెట్టె చెప్పలేదు.

పోటీదారుల్లో చేతిలో పట్టుకునే రామన్ స్పెక్ట్రోమీటర్ (లేజర్ కాంతి వేసి పదార్థాన్ని గుర్తుపట్టే యంత్రం) ముచ్చటగా ఉంటుంది. స్ట్రిప్ పారదర్శకంగా ఉంటే చింపకుండానే క్షణాల్లో చూపిస్తుంది, ద్రావకాలు అక్కర్లేదు. పెద్ద డ్రమ్ములో గ్లిజరిన్ ఏదో, ప్రొపైలీన్ గ్లైకాల్ ఏదో గుర్తుపట్టడానికి, అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర, అది చాలా ఉపయోగం. కానీ రంగు పూత ఉన్న మాత్రల దగ్గర, మందు అతి తక్కువగా ఉన్న మాత్రల దగ్గర తడబడుతుంది, ఎంత మందు ఉందో నమ్మకంగా చెప్పదు, దాని మెదడులో నమోదు కాని బ్రాండును గుర్తించదు. ఇక డబ్బా మీది కోడ్ స్కాన్ చేసే సేవలు వేరే జాతివి. అవి డబ్బా పుట్టుపూర్వోత్తరాలు చెబుతాయి. విషపు సిరప్‌లు చాలాసార్లు అసలు కంపెనీ, అసలు లేబుల్, అసలు కోడ్‌తోనే వస్తాయి.

నడిపే ఖర్చు గురించి అమ్మేవాళ్ళు తక్కువ మాట్లాడతారు. పెట్టె ఒకసారే కొంటాం. మిథనాల్, టోలుయీన్, అసిటోన్, ఇథైల్ అసిటేట్, అమ్మోనియా అయిపోతూనే ఉంటాయి. ఇవి మండే, విషపూరిత సరుకులు కాబట్టి విమానంలో మామూలు పార్సిల్‌గా రావు. ప్రమాణ మాత్రలకూ ఎక్స్‌పైరీ ఉంటుంది. కాలం చెల్లిన ప్రమాణంతో పోలిస్తే మంచి మందు ఎక్కువగానూ, నాసిరకం మందు సరిగ్గానూ కనబడతాయి. గాలి ఆడే గది, కళ్ళకు అద్దాలు, మంటకు దూరంగా హాట్ ప్లేటు, వాడేసిన ద్రావకాలకు విడి సీసాలు. ఇవి ఏర్పాటు చేయలేని చోట పెట్టె మూలన పడి ఉంటుంది. నెలకు నాలుగైదు నమూనాలు కూడా రాని చోటికి ఇది దండగే. పది చిన్న ఆసుపత్రులు కలిసి ఒకటి కొని, ఒకే చోట శిక్షణ ఉన్న ఇద్దరితో నడిపించుకోవడం తెలివైన పని. జర్మనీలోని డిఫేమ్ అనే క్రైస్తవ వైద్య సేవా సంస్థ ఆఫ్రికా దేశాల చర్చి ఆసుపత్రుల మందుల డిపోలతో కలిసి 2010 నుంచి దాదాపు ఇలాగే నడుపుతోంది.

నమూనా ఫెయిలైతే అదే రోజు రెండోసారి, వీలైతే వేరే మనిషి చేతితో, వేరే స్ట్రిప్‌లోని మాత్రతో చేయాలి. రెండోసారీ అలాగే వస్తే ఆ బ్యాచ్ మొత్తాన్ని తాళం వేసిన అలమారలో వేరుగా పెట్టాలి. సరఫరాదారుకు తిరిగి పంపేయకూడదు, అది ఇంకొక ఊరికి చేరుతుంది. కనీసం సగం నమూనా సీలు విప్పకుండా అట్టిపెట్టి ఔషధ నియంత్రణ అధికారులకు, వాళ్ళ ల్యాబ్‌కు అందించాలి. మినీల్యాబ్ ఫలితం మీద ఆధారపడి కంపెనీని బయటపెట్టడం కోర్టులో నిలవదు. పెద్ద ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందును ద్రావణంలోనే వేరుచేసి కొలిచే యంత్రం) తోనో, గ్యాస్ క్రొమటోగ్రఫీతోనో ఖాయం కావాలి. ప్లేటును యూవీ దీపం కింద ఫోన్‌తో ఫోటో తీసి, తేదీ, బ్యాచ్, ద్రావకం, గది వేడి రాసి ఉంచండి. పర్మాంగనేట్ మచ్చలైతే కాసేపటికే ప్లేటంతా గోధుమ రంగుకు తిరిగి కలిసిపోతాయి కాబట్టి వెంటనే తీయాలి. పాసైన నమూనాల నివేదికలో ‘మంచిది’ అని రాయొద్దు. ‘ఫలానా మందు ఉంది, 80% కంటే తక్కువగా కనబడలేదు, అదనపు మచ్చలు లేవు, గ్లైకాల్ పరీక్ష చేశాం’ లేదా ‘చేయలేదు’ అని రాయాలి. ఆ చివరి మాటకు ఫారంలోనే ఒక గడి అచ్చు వేయించుకోండి, ఖాళీగా వదిలితే నివేదిక మీద సంతకం పెట్టకూడదన్న షరతుతో.